ఋ అంటే ఋషి, మరి మా బాబా?

జనగామలో ఒక అంగన్‌వాడీ. గోడకు అక్షరాల చార్టు వేలాడుతోంది. టీచరు పుల్ల పట్టుకుని ఒక్కో బొమ్మ మీద పెట్టి ‘ఇదేంది?’ అని అడుగుతోంది. ఋ దగ్గరికొచ్చింది. తెల్లటి గడ్డం, కళ్లు మూసుకుని కూచున్న ముసలాయన బొమ్మ. మా బంధువుల పిల్ల, నాలుగేళ్లది, అందరికన్నా ముందు లేచి ‘బాబా!’ అంది. ‘బాబా కాదు, ఋషి. ఋషి అను’ అంది టీచరు. పిల్ల అనలేదు. కూచుంది. ఆ తరవాత ఏ బొమ్మకూ నోరు విప్పలేదు.

టీచరు చెడ్డది కాదు. పిల్లల ముక్కులు తుడుస్తుంది, గుడ్లు వలిచి చేతికిస్తుంది. చార్టులో ఏముందో అదే చెప్పింది. మా తకరారు ఆమెతో కాదు, చార్టుతో. ఆ పిల్ల తప్పు చదవలేదని మా వాదన. గడ్డం, మూసిన కళ్లు, కూచున్న తీరు, ఈ మూడూ కలిపి ఆ మనిషి తనకు తెలిసిన లోకంలో ఎవరో పోల్చుకుంది. దర్గా మెట్ల దగ్గర నెమలీకల కట్టతో తల నిమిరే బాబాను అది కళ్లారా చూసింది. ఆ గదిలో ఉన్న ఇరవైమంది పిల్లల్లో ఋషిని చూసినవాళ్లెవరు? బొమ్మను చూసి అర్థం పట్టుకోవడమే చదువుకు మొదటి మెట్టయితే, ఆ మెట్టు ఎక్కిన పిల్లను కిందికి దింపి కూచోబెట్టాం.

న్యూజిలాండ్‌లో మేరీ క్లే అనే పరిశోధకురాలు 1966 నాటికే, బడికి కొత్తగా వచ్చిన అయిదేళ్ల పిల్లలను ఏడాది పొడుగునా గమనించి ఒక మాట చెప్పింది. పిల్లలు చదవడం అక్షరాలు దిద్దిన రోజు మొదలు కాదు, అంతకు చాలా ముందే మొదలై ఉంటుంది అని. ఇది మా నానీలకు, దాదీలకు తెలియని సంగతేం కాదు. కథ విన్న పిల్లకు, కథకు ఒక మొదలూ ఒక తుదీ ఉంటాయని తెలుసు. పహేలీ విప్పిన పిల్లకు ఒక మాట వెనక ఇంకో మాట దాక్కుని ఉంటుందని తెలుసు. పీర్ల పండుగకు గుండం చుట్టూ తిరుగుతూ పాట అందుకున్న పిల్లకు ఏ మాట చివర ఏ మాట వచ్చి తాళం కలుస్తుందో తెలుసు. అయితే ఇవన్నీ పిల్లలు తమ ఇంటి మాటలోనే తెలుసుకుంటారు. బడి ఆ మాటను గుమ్మంలో చెప్పుల దగ్గర వదిలి రమ్మంటుంది.

ఇక ఒత్తక్షరాల సంగతి. అసలు గొడవంతా అక్కడే ఉంది కాబట్టి కొంచెం ఆగి చూద్దాం. బజారులో దొరికే చార్టు ఏదైనా తీసుకోండి. ఖ ఖడ్గం, ఘ ఘటం, ఛ ఛత్రం, ఝ ఝషం, ఢ ఢంకా, థ రథం, ధ ధనుస్సు, ఫ ఫలం. కత్తిని ఖడ్గమనీ, కుండను ఘటమనీ, చేపను ఝషమనీ పిలిచే తల్లి తెలుగునేల మొత్తంలో ఒక్కతయినా ఉందా? (నాలుగేళ్ల పిల్లలకు ఇన్ని కత్తులు, బాణాలు, యుద్ధ భేరీలు ఎందుకో అది వేరే ప్రశ్న.) కారణం లేకపోలేదు. ఒత్తక్షరాలు అచ్చ తెలుగు మాటల్లో బహు అరుదు. అందుకని చార్టు రాసినవాళ్లు నేరుగా సంస్కృతం కొట్టుకు పోయి సామాను తెచ్చుకున్నారు. పక్కనే ఇంకో కొట్టుందని వాళ్లకు తోచలేదు. తోచినా అందులో అడుగు పెట్టబుద్ధి కాలేదు. ఖర్చు, ఖాళీ, ఖుషీ, ఖైదు. ఫకీరు, ఫికరు. ఠాణా. ఢోలు. ఇవి ముస్లింల మాటలు మాత్రమే కావు. జనగామ అంగట్లో కూరగాయలమ్మే అవ్వ నుంచి ఆటో తోలే పిల్లగాడి దాకా అందరి నోళ్లలో నలిగే తెలంగాణ మాటలు.

అన్నిటికన్నా విచిత్రం ఛ దగ్గర ఉంది. బొమ్మ గొడుగుది. కింద రాసింది ఛత్రం. మా ఇళ్లలో పిల్లలు ఆ బొమ్మ చూసి ‘ఛత్రీ’ అంటారు. తెలంగాణ పల్లెల్లో మాల, మాదిగ, గొల్ల, గౌడ పిల్లలూ ఛత్రీ అనే అంటారు. ఒకే బొమ్మ, ఒకే అక్షరం, ఒకే మూలం నుంచి వచ్చిన మాట. చివరన ఒక్క గుడిదీర్ఘం తేడా. ఆ ఒక్క దీర్ఘం ఒప్పుకోవడానికి వాచకానికి మనసు రాలేదు. అలాగే ఊ దగ్గర ఊయల బొమ్మ. మా పిల్ల దాన్ని ‘ఝూలా’ అంటుంది, తప్పు అనిపించుకుంటుంది. అదే చార్టులో నాలుగు వరసలు కిందికి వస్తే, ఝకు మాట దొరక్క ఎక్కడో నిఘంటువు అడుగున ఉన్న చేపను పట్టుకొచ్చి వేలాడదీశారు.

మనం గమనించాల్సిన సంగతి ఇంకోటుంది. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, ధ, భ, ఇవి తెలుగు పిల్లలకు నోరు తిరగని అక్షరాలని టీచర్లంతా మొత్తుకుంటారు. బాష, బూమి, దనం అని పలికే బహుజనుల పిల్లలను ఒత్తు పలకనందుకు బెత్తం దెబ్బలు కొట్టిన కాలం మేం చూశాం. దక్కనీ మాట్లాడే పిల్లకు ఇవి పుట్టుకతో వచ్చిన ధ్వనులు. ఖానా, ఘర్, ఛోటా, ఠండా, ఢోల్, ధూప్, భాయీ. పొద్దున లేస్తే ఆ పిల్ల వాడే మాటలే ఇవి. అంటే ఆ గదిలో అందరికన్నా కష్టమైన అక్షరాలకు ముందే తయారై వచ్చిన పిల్ల అదే. ఆ సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. టీచరుకూ ఎవరూ చెప్పలేదు. మహబూబాబాద్ చుట్టూ ఉన్న తండాల్లోని లంబాడీ పిల్లలదీ ఇదే కథ. వాళ్ల భాషలోనూ ఘర్ ఉంది, ఘోడో ఉంది, భాయీ ఉంది. మానుకోట అంగన్‌వాడీలో లంబాడీ పిల్లా మా పిల్లా పక్కపక్కన కూచుని ఘటం అని వల్లెవేస్తుంటే చూశాం. ఘర్ అనమంటే ఇద్దరూ ఒక్కసారే చేతులెత్తేవాళ్లు కదా అనిపించింది.

బడికి మా మాటలు బొత్తిగా పనికిరావని అనలేం లెండి. టీచరు పొద్దున్నే తెరిచేది హాజరు పట్టీ. రాసేది కాగితం మీద, కలంతో. పైన వేసేది తారీఖు. పిల్లలనడిగేది జవాబు. అరబ్బీ, ఫార్సీల నుంచి ఉర్దూ మీదుగా నడిచొచ్చిన ఈ మాటల భుజాల మీదే తెలుగు బడి నిలబడింది. వాటి ఊరూ పేరూ మాత్రం పిల్లలకు తెలియనివ్వరు.

పేర్ల సంగతి చెప్పుకోవాలంటే, అన్నారం యాకూబ్ షావలీ దర్గాకు మొక్కుకుంటే పుట్టారని యాకయ్య, యాకమ్మ, యాకూబ్‌రెడ్డి అని పేరు పెట్టుకున్నవాళ్లు పాత వరంగల్ జిల్లాలో ఏ ఊరికి పోయినా తగులుతారు. ఇన్ని కులాలవాళ్లు కలిసి మోస్తున్న ఆ పేరుకు చార్టులో య దగ్గర చోటు లేదు, యజ్ఞానికి ఉంది. బమ్మెర పోతన మా జనగామ జిల్లావాడని మేమూ గర్వంగానే చెప్పుకుంటాం. విస్నూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి గెలిచి, చివరికి దేశ్‌ముఖ్ మనుషుల చేతుల్లో హతమైన కామారెడ్డిగూడెం షేక్ బందగీదీ ఆ జిల్లానే. కాగితాన్ని, దస్తావేజును నమ్ముకున్న మనిషి. బ కింద బందగి అని రాస్తే ఆ మట్టిలో పుట్టిన పిల్లలకు కొత్తగా నేర్పేదేం ఉండదు, ఇంట్లో తాతలు చెప్పిందే గోడ మీద కనిపిస్తుంది.

ఇంతవరకూ బయటివాళ్లను అన్నాం. ఇప్పుడు మా ఇల్లు.

బిస్మిల్లా ఖ్వానీ చేస్తాం మేం. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజుల వయసు రాగానే పిల్లకు కొత్త బట్టలు తొడిగి, పూలహారం వేసి, పెద్దవాళ్లు మొదటి మాట పలికిస్తారు. మిఠాయి పంచుతారు. బాసర పోయి పిల్లల చేత అక్షరాలు దిద్దించే హిందూ ఇళ్లకూ మాకూ ఈ విషయంలో తేడా ఏమీ లేదు, చదువును పండుగ చేసుకునే మంచి అలవాటు ఇద్దరికీ ఉంది. ఆ తరవాత కాయదా. అలిఫ్ జబర్ అ, అలిఫ్ జేర్ ఇ, అలిఫ్ పేష్ ఉ. అక్షరం పైనా కిందా గీత మారితే పలుకు మారుతుందని పిల్లకు మసీదులోనే తెలిసిపోతుంది. తెలుగు గుణింతానికి ఇంతకన్నా మంచి తయారీ ఏం కావాలి? జేర్ అక్షరం కింద కూచుంటుంది, గుడి నెత్తిన కూచుంటుంది, అంతే. ఒక పుస్తకం కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి తెరుచుకుంటుందని కూడా ఆ పిల్లకు తెలుసు. ఇన్ని తెలిసిన పిల్ల ఏ రోజో పలక మీద కుడి నుంచి గీత మొదలుపెడితే బడిలో ‘ఉల్టా రాస్తుంది’ అంటారు.

అయినా మా ఫిర్యాదు మా మక్తబు మీద కూడా ఉంది. ఖురాన్ నేర్పడం మీద కాదు, అది మా దీన్. అర్థం తరవాత వస్తుందని పెద్దలంటారు. కొందరికి వస్తుంది కూడా. కానీ చదవడమంటే గొంతెత్తి ఊగుతూ పలకడమే, ఇందులో ఏముందని అడగకూడదు అని అయిదేళ్లకే అలవాటైతే, ఆ అలవాటు కాయదా దగ్గర ఆగదు. తెలుగు వాచకానికీ, ఇంగ్లీషు రైములకూ పాకుతుంది. పొద్దున మక్తబులో ఒక కోరస్, పగలు బడిలో ఇంకో కోరస్. ‘దీనికి మతలబ్ ఏంటి’ అని అడిగే సందు ఆ పిల్లకు ఏ పూటా దొరకదు.

అంతకన్నా పెద్ద నేరం మేం దక్కనీకి చేశాం. మా పిల్ల ‘నక్కో’ అంటే ఉర్దూ ఉస్తాద్ ‘నహీఁ కహో’ అంటాడు. ‘కితాబాఁ’ అంటే ‘కితాబేఁ’ అని దిద్దుతాడు. ‘హౌ’ అంటే నవ్వుతాడు. మేం ఉర్దూ పత్రికలో పనిచేసిన రోజుల్లో, మాట్లాడితే పల్లెటూరి యాస దొర్లుతుందని మీటింగుల్లో నోరు మూసుకుని కూచున్నాం. తెలుగు పత్రికకు వచ్చాక అక్కడా అదే పని చేశాం, అది వేరే కథ. లక్నో, ఢిల్లీల ఉర్దూ అసలుదీ మాది కల్తీదీ అని మాకు నేర్పినవాళ్లు మా అష్రాఫులే. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 400 ఏళ్లకు పూర్వం ఈ దక్కనీలోనే దీవాన్ రాసుకున్నాడు. బీజాపూర్ సూఫీల పరంపరలో ఆడవాళ్లు పిండి విసురుతూ పాడుకున్న చక్కీనామాలు, పిల్లలను నిద్రపుచ్చిన లోరీనామాలు ఈ భాషలోనే పుట్టాయి. రిచర్డ్ ఈటన్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1970లలో వాటి మీద రాసేదాకా చదువుకున్న మాకు వాటి విలువ తెలియలేదు. ఉయ్యాల దగ్గరే మొదలైన చదువు అది. దాన్ని మేమే ‘జాహిల్ జబాన్’ అన్నాం. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లలనైతే అసలు లెక్కలోకే తీసుకోలేదు. ‘తురకం రాదు, వీళ్లేం ముస్లింలు’ అన్నాం. చార్టు మా పిల్లతో అన్నదానికీ మేం వాళ్లతో అన్నదానికీ తేడా ఏముంది?

ఉర్దూవాళ్లకు మంచి వాచకాలు లేవని కాదు. ఇస్మాయిల్ మేరఠీ (1844-1917) పిల్లల కోసం రాసిన ఉర్దూ పుస్తకాలు తరాల తరబడి నడిచాయి. అందులో ఆవు ఉంది, వాన ఉంది, ఆజ్ఞల కన్నా బొమ్మ కట్టే మాటలు ఉన్నాయి. హైదరాబాదులో 1897లో పుట్టిన జాకిర్ హుసేన్ పిల్లల కోసం ‘అబ్బూఖాన్ కీ బక్రీ’ రాశాడు. 1937లో వార్ధా బేసిక్ విద్యా పథకం రాసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. చదువు తల్లిమాటలో నడవాలన్నది ఆ పథకంలో ముఖ్యమైన మాట. ఆ పుస్తకాలను మా తాతలు చదివారు. మా పిల్లల ఇళ్లలో వెతికితే దొరకవు.

ఈ మాటలన్నీ అనేటప్పుడు మేం ఇంకోటి మరిచిపోకూడదు. నిజాం కాలంలో ఇదే నేల మీద తెలుగు పిల్లవాడు ఉర్దూ బడి ముందు మూగవాడయ్యాడు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా మొదలైనప్పుడు, విదేశీ భాషను కాదని దేశభాషలో విశ్వవిద్యాలయం పెట్టామని గర్వపడ్డాం. ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇంటి మాట ఉర్దూ కాదన్న సంగతి ఆ గర్వంలో కనపడలేదు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఊరికే పుట్టలేదు. తమ ఇంటి మాట అచ్చులో చూసుకోవాలన్న ఆకలి అది. ఆ ఆకలి తెలిసినవాళ్ల మనుమలే ఇవ్వాళ వాచకాలు రాస్తున్నారు. మా ఆకలి వాళ్లకు అర్థం కాదంటే నమ్మలేం.

కాగితాల మీద మాకేం తక్కువ లేదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు ఏర్పాట్లు చూడాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచి చెబుతూనే ఉంది. 1975లో ఐసీడీఎస్ మొదలైంది. 2006లో సచార్ కమిటీ, 6-14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది అసలు బడికి పోనివాళ్లో మధ్యలో మానేసినవాళ్లో అని తేల్చింది. మదర్సాలకు పోయేది నూటికి నలుగురేననీ చెప్పింది. అదే ఏడాది వచ్చిన ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమంలో మొట్టమొదటి సూత్రం ఐసీడీఎస్ సేవలు మైనారిటీలకు సమానంగా అందాలన్నదే. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటికీ రెండో అధికార భాష అయింది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అంది, వీలైన చోటల్లా ఇంటి భాషలో చెప్పమంది. మన ప్రభుత్వ బళ్లు 2022-23 నుంచి ఒకటో తరగతికే ఇంగ్లీషు మీడియానికి మారాయి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఇంట్లో దక్కనీయో లంబాడీయో మాట్లాడే పిల్లకు ఆ పుస్తకంలో రెండు పేజీలూ ఎదురు పేజీలే. 2004లో ఉమ్మడి రాష్ట్రం కోయ, బంజారా, గోండి, సవర లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్నతరగతులకు పుస్తకాలు మొదలుపెట్టింది. చేయాలనుకుంటే చేయగలరని ఆ ప్రయత్నం ఒక్కటి చాలు రుజువుకు. దక్కనీకి అదీ లేదు. ప్రభుత్వం లెక్కలో మా భాష ఉర్దూ, ఉర్దూవాళ్ల లెక్కలో అది భాషే కాదు.

భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడి ఇంటికి పోయాం. నాలుగు చెరగుల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలున్న కాలనీ. ఆ ఇంట్లో మూడున్నరేళ్ల పిల్లవాడికి మూడు సంచులు. పొద్దున కాయదా సంచి, పగలు ఇంగ్లీషు నర్సరీ సంచి, సాయంత్రం తెలుగు ట్యూషన్ సంచి. నర్సరీలో నాలుగు గీతల కాపీలో వంద దాకా రాయిస్తున్నారు, వేళ్లు కాయలు కాశాయి. తండ్రిని తప్పుపట్టలేం. బొగ్గుబావిలో దిగే మనిషి కొడుకు ఆఫీసులో కూచోవాలనుకోవడం న్యాయమే, దానికి ఇంగ్లీషే మెట్టని ఊరంతా చెబుతుంటే ఆయనొక్కడు ఎట్లా కాదంటాడు. ‘కథలు ఎప్పుడు చెప్తారు భాభీ?’ అని ఆ తల్లిని అడిగాం. ఆమె కాసేపు ఆలోచించింది. ‘టైమ్ కాఁ హై భయ్యా, ఫోన్ దేతే’ అంది. ఫోన్లో వచ్చే కథ ఢిల్లీ హిందీలో ఉంది. నాలుగో భాష. పిల్లవాడు నాలుగింటిలోనూ అక్షరాలు పలుకుతాడు. ఏదన్నా జరిగింది చెప్పమంటే ఏ భాషలోనూ మూడు వాక్యాలు కలపడు. మేం అడిగితే తల్లి వెనక దాక్కున్నాడు. కొత్తవాళ్లమని కూడా కావచ్చు. అయినా మాకు మనసులో గుచ్చుకుంది.

మళ్లీ జనగామ. ఆ అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడాం. ఆమె మా మాట ఓపిగ్గా విని, ‘నాకు తురకం రాదు సార్, నేనేం చెయ్యాలె?’ అంది. న్యాయమైన ప్రశ్న. మీరు నేర్చుకోనక్కర్లేదు, వచ్చినవాళ్లను పిలవండి అన్నాం. ‘బాబా’ అన్న పిల్ల నానీ రోజూ దాన్ని దింపడానికి వస్తుంది. టీచరు ఆమెను ఆపి, ‘చాచీ, మీరే ఒక కథ చెప్పున్రి పిల్లలకు’ అంది. నానీ బుర్ఖా సర్దుకుని వెళ్లిపోయింది. తరవాత మాతో అంది, మా బాత్ సాఫ్ ఉండదు బేటా, పిల్లలు చెడిపోతారు అని. అరవై ఏళ్ల మనిషి, పదిమందిని పెంచిన మనిషి, తన మాటతో పిల్లలు చెడిపోతారని నమ్ముతోంది. ఆ నమ్మకాన్ని ఆమెకు ఎవరిచ్చారో పైన రాశాం.

మూడోసారి అడిగితే కూచుంది. పిచ్చుకల జంట కథ. ఒకటి పప్పు గింజ తెచ్చింది, ఒకటి బియ్యం గింజ తెచ్చింది, ఇద్దరూ కలిసి ఖిచ్డీ వండుకున్నారు. సగం దక్కనీ, సగం తెలుగు, మధ్యలో చేతులు, కళ్లు. ఖిచ్డీ ఎవరు తిన్నారన్న దగ్గరికి వచ్చేసరికి యాకమ్మ అనే పిల్లతో సహా అందరూ ‘ఖిచ్డీ, ఖిచ్డీ’ అని అరవడం మొదలుపెట్టారు. ఒత్తు స్పష్టంగా పలికింది. మా పిల్ల నానీ ఒళ్లో కూచుని, తెలియని మాటలకు పక్కవాళ్లకు తెలుగు చెప్పింది. అడక్కుండానే.

మర్నాడు టీచరు ఖ దగ్గర, ఖడ్గం బొమ్మ కింద, చాక్‌పీసుతో ఖిచిడి అని రాసి ఉంచింది. సూపర్‌వైజర్ వచ్చే రోజు తుడిపేస్తానని మాకు ముందే చెప్పింది.